అడుక్కి అంగుళం చొప్పున

మా ఇంటి వరండాకు మూడు మెట్లు వున్నాయి. ఇరవై యేళ్ళుగా వాటిని ఎక్కుతూ దిగుతూ వున్నాను గాని, వాటి ఎత్తు ఎంతో ఒక్కనాడూ ఆలోచించిన పాపాన పోలేదు. మెట్టు ఎత్తు కాలికి తెలుస్తుంది, అది చాలుననుకునేదాన్ని.

కిందటి కార్తీకంలో మా అత్తగారు తులసికోట దగ్గర దీపం పెట్టి లేవబోతూ జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను జరిగింది, గండం గడిచిందన్నారు, ఇంటికి తీసుకువచ్చాం. తీసుకువచ్చింది మాత్రం చక్రాల కుర్చీలో. ఆ రోజు నుంచి మూడు మెట్లూ మాకు మూడు కొండలైనాయి. ఆవిడకు పొద్దున్నే గేటు దగ్గర నిలబడి కూరగాయల బండివాడితో బేరమాడటం ఒక వ్యసనం. సాయంకాలం వీధి చివరి రామాలయం దాకా నడిచి వెళ్ళి రావడం మరొకటి. రెండూ ఆగిపోయినాయి. బండివాడు గేటు అవతల నిలబడి కేక వేస్తే, ఆవిడ వరండాలో కూర్చుని సమాధానం చెప్పేవారు. నాలుగు నెలలు ఇలాగే గడిచినాయి. "వాడి వంకాయలు పుచ్చో మంచివో ఇక్కడినుంచి యెలా తెలుస్తుందే?" అని ఆవిడ నాతో అన్నప్పుడు, అది వంకాయల గురించి కాదని నాకు అర్థమైంది.

"ర్యాంపు కట్టిద్దాం" అన్నారు మావారు. తాపీమేస్త్రీని పిలిపించాం. ఆయన మెట్ల వంక చూసి, గడ్డం గోక్కుని, "దీనికేముందమ్మగారూ! మెట్ల మీదుగా ఆరడుగులు లాగేస్తే సరి. రెండు రోజుల పని" అన్నాడు. సరేనన్నాం.

మర్నాడు అత్తయ్యచేత కసరత్తు చేయించడానికి వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయితో ఈ మాట చెప్పాను. ఆ పిల్ల కంగారు పడింది. "ఆరడుగులా? వద్దండీ! ర్యాంపు ఒకటికి పన్నెండు వుండాలి. అంతకన్నా వాలు ఎక్కువైతే కుర్చీ వెనక్కి తిరగబడుతుంది" అని, తన సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

ఒకటికి పన్నెండు! ఏది ఒకటి, ఏది పన్నెండు? నేను ఎం.ఏ. తెలుగు. నన్నయ శబ్దశాసనుడెందుకైనాడో అరగంట చెప్పమంటే చెబుతాను. లెక్కలంటే మాత్రం చిన్నప్పటి నుంచీ గుండెల్లో రాయి పడుతుంది. అందులోనూ మాటల్లో ఇచ్చే లెక్కలున్నాయే, అవి మరీను. "ఒక పని 12 మంది 8 రోజులలో చేయుదురు" అని మొదలు కాగానే, ఆ పన్నెండు మందీ నా మీద కత్తి కట్టినట్లే వుండేది.

దైవికంగా అదే వారం మా అమ్మాయికి లెక్కల పరీక్ష వచ్చింది. పదో తరగతి చదువుతున్నది. అనుపాతాలు, సరళరేఖ వాలు అనే పాఠాలట. రాత్రి తొమ్మిదింటికి నోటుపుస్తకం పట్టుకుని నా పక్కన చేరింది. "నాన్నగారు పడుకున్నారు. నువ్వే చెప్పాలి" అన్నది. పిల్లల ముందు భయం బయట పెట్టుకోకూడదు గదా! ఏదీ లెక్క, చదవమన్నాను.

లెక్క ఇది. ఒక ఇంటి మీద 1,000 లీటర్ల నీళ్ళ ట్యాంకు వున్నది. ఉదయం 6 గంటలకు కుళాయి విప్పేసరికి అప్పటికే అందులో 200 లీటర్ల నీళ్ళున్నాయి. 6 గంటల 25 నిమిషాలకు చూస్తే 450 లీటర్లు వున్నాయి. నీళ్ళు ఒకే ధారగా పడుతున్నవి. 7 గంటలకు వీధి కుళాయి ఆగిపోతుంది. ఈలోగా ట్యాంకు నిండుతుందా?

అమ్మాయి గబగబా చేసింది. 25 నిమిషాలకు 450 లీటర్లు; అంటే నిమిషానికి 18. వెయ్యిని 18 చేత భాగిస్తే యాభై అయిదున్నర నిమిషాలు. "6 గంటల 56 నిమిషాలకు నిండుతుంది. యింకా నాలుగు నిమిషాలు మిగులుతుంది" అని, పెన్సిలు చెవిలో పెట్టుకుంది.

వెనక పుస్తకంలో జవాబు చూస్తే "నిండదు" అని వుంది. దానికి కోపం వచ్చింది. "గుణకారం సరే, భాగహారం సరే, తప్పెక్కడుంది?" అని నన్ను అడిగింది.

గుణకార భాగహారాల సంగతి నాకు తెలియదు. కాని లెక్కను తెలుగు వాచకంలా మరొకసారి చదివాను. చదువుతుంటే ఒక మాట దగ్గర నా చూపు ఆగింది. "అప్పటికే."

"అమ్మలూ, ఈ 'అప్పటికే' అన్న మాట ఎందుకు వేశాడంటావు?" అన్నాను.

"ఏమో, ఊరికే."

ఊరికే వేయలేదు. లెక్కల పుస్తకం రాసేవాడికి మాటల విషయంలో చాలా లోభం. నవలాకారుడిలా వెన్నెల వర్ణించడు. ఆయన ఒక మాట వేశాడంటే అందులో డబ్బు వుందన్నమాట! కుళాయి విప్పేసరికి "అప్పటికే" 200 లీటర్లున్నాయంటే, ఆ 200 ఈ కుళాయి పోసినవి కావు. నిన్నటివి. 25 నిమిషాలలో కుళాయి పోసింది 450 కాదు, 250. నిమిషానికి 10 లీటర్ల చొప్పున. యింకా కావలసింది వెయ్యి కాదు, 800. అందుకు 80 నిమిషాలు. 7 గంటల 20 నిమిషాలకు గాని ట్యాంకు నిండదు. కుళాయి 7 గంటలకే ఆగిపోతుంది. అప్పటికి పైన వుండేవి 800 లీటర్లు. యింకా రెండు వందలు వెలితి.

మా అమ్మాయి లెక్క నమ్ముకుని ఆ ఇంటివాళ్ళు నిశ్చింతగా కూర్చుంటే, సాయంకాలం అంట్లు తోమే వేళకు తెలిసేది సంగతి. పిల్ల చేసింది లెక్కలో తప్పు కాదు. చదవడంలో తప్పు. అంకెలు కనబడగానే వాటి మీదికి వురికి, మధ్యనున్న మాటలను ముళ్ళకంపల్లా తప్పించుకుని పోయింది. నేను ముప్పై యేళ్ళ కిందట చేసిన పనే! అప్పుడు నాకు లెక్కలు రావనుకున్నారు. నిజానికి నాకు రానిది తెలుగేనేమో.

ఆ రాత్రి మేమిద్దరం ఒక ఆట ఆడాం. ప్రతి లెక్కలోనూ అంకెలను చేత్తో మూసి, మాటలు మాత్రం చదవడం. అలా చదివితే మన భాషలో రెండు చిన్న మాటలు పెద్ద కాపలాదార్లని తెలిసింది. ఒకటి "చొప్పున". రెండవది "అప్పటికే".

"చొప్పున" ఎంత గొప్ప మాటో చూడండి! గంటకు 40 కిలోమీటర్ల చొప్పున, మనిషికి రెండు లడ్ల చొప్పున, ఎకరాకు ఇన్ని బస్తాల చొప్పున. ముందు ఒక "కు" గాని "కి" గాని వుంటుంది. వెనక "చొప్పున" వుంటుంది. ఒకటి ఒక్క మెట్టు కదిలితే రెండవది ఎంత కదులుతుందో ఆ మాట చెబుతుంది. ఒక్కొక్కప్పుడు "చొప్పున" అనకుండా "తలా రెండు" అంటాం, "రెండేసి" అంటాం. భావం ఒకటే. లెక్కల మాస్టర్లు "వాలు" అనేది దీన్నే. తక్కిన మాటల వేషం ఏదైనా, చొప్పున అంటే వాలు, వాలు అంటే చొప్పున.

"అప్పటికే" అన్నది ఇంకొక రకం. అది బయలుదేరే చోటు చెబుతుంది. ఒక్కొక్కప్పుడు ఆ వేషమూ మారుతుంది. "ఆటో ఎక్కగానే 30 రూపాయలు, ఆ తరువాత కిలోమీటరుకు 15 చొప్పున" అన్నారనుకోండి. "ఎక్కగానే" అన్నది "అప్పటికే"కు చెల్లెలు. 4 కిలోమీటర్లకు 90 రూపాయలు అవుతుంది. 8 కిలోమీటర్లకు? రెట్టింపు దూరం కనుక 180 అని నూటికి తొంభై మంది అంటారు. కాదు, 150. ఎక్కిన ఖర్చు రెండు సార్లు ఇవ్వం గదా! ఒకసారే ఎక్కాం.

అనులోమానుపాతం అంటే యింతే. ఒకటి రెట్టింపైతే రెండవదీ రెట్టింపవ్వాలి. ఒకటి సున్నా అయితే రెండవదీ సున్నా అవ్వాలి. కిలో ధర తెలిస్తే రెండు కిలోల ధర రెట్టింపు. ఏమీ కొనకపోతే ఏమీ ఇవ్వక్కరలేదు. ఇది అనుపాతం. ఆటోలో కూర్చుని ఒక్క అడుగు కదలకుండా దిగిపోయినా 30 రూపాయలు ఇవ్వాలంటే, అక్కడ వాలు వున్నది గాని అనుపాతం లేదు. పిల్లలు చేసే తప్పుల్లో సగం ఈ రెండింటినీ ఒకటే అనుకోవడంలో వస్తాయి. పెద్దలు చేసేవి కూడానేమో.

ఇక్కడ నా చదువు గురించి ఒక మాట చెప్పుకుని సిగ్గుపడాలి. సాహిత్య చరిత్ర పరీక్షకు పావులూరి మల్లన పేరు బట్టీ పెట్టాను. పదకొండో శతాబ్దం, తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చినవాడు. యింత రాస్తే మార్కులు వచ్చేవి. ఆ పద్యాలలో యేముందో చూడాలని ఎవరికీ తోచలేదు. నాకు మొదలే తోచలేదు. మన భాషకు తొలినాళ్ళలోనే దొరికిన పుస్తకాల్లో ఒకటి లెక్కల పుస్తకమని, ఆనాటి పిల్లలు పద్యం చదువుతూనే లెక్క చేసేవారని తలుచుకుంటే, లెక్కల గదికీ తెలుగు గదికీ మధ్య గోడ ఎవరు కట్టారా అనిపిస్తుంది.

పెద్దవాళ్ళు "త్రైరాశికం" అనేది ఈ అనుపాతాన్నే. తెలిసిన రాశులు మూడు, తెలియనిది ఒకటి. క్రీ. శ. 499 నాటి ఆర్యభటీయంలోనే ఈ సూత్రం వున్నది. మూడు రాశులకూ ఎంత చక్కని పేర్లు పెట్టారో! ప్రమాణం, ఫలం, ఇచ్ఛ. 250 లీటర్లు ప్రమాణం. దానికి పట్టిన 25 నిమిషాలు ఫలం. మనకు కావలసిన 800 లీటర్లు ఇచ్ఛ. ఫలాన్ని ఇచ్ఛ చేత గుణించి ప్రమాణం చేత భాగిస్తే వచ్చేది ఇచ్ఛాఫలం, 80 నిమిషాలు. 1150లో భాస్కరాచార్యుడు లీలావతిలో మరొక జాగ్రత్త చెప్పాడు. ప్రమాణమూ ఇచ్ఛా ఒకే జాతివై వుండాలి. లీటర్లకు లీటర్లు, రూపాయలకు రూపాయలు. మా అమ్మాయి 450 లీటర్లను ప్రమాణమనుకున్నది. అందులో 200 ఈ కుళాయి జాతివి కావు! జాతి కలవని సంబంధం కుదిర్చితే యేమవుతుందో పెళ్ళిళ్ళ పేరయ్యను అడిగినా చెబుతాడు.

త్రైరాశికం దొరికింది గదా అని దానితో ప్రపంచాన్నంతా కొలవబోతే నవ్వులపాలవుతాం. మూకుట్లో మూడు గారెలు వేగడానికి 5 నిమిషాలు పడితే ఆరు గారెలకు ఎంతసేపు? పది నిమిషాలు అన్నది మా అమ్మాయి. మూకుడు పెద్దదైతే ఆరూ ఒకే వాయిలో వేగుతాయి, అయిదు నిమిషాలే. చిన్నదైతే రెండు వాయిలు, పది నిమిషాలు. జవాబు మూకుడులో వున్నది, అంకెల్లో లేదు. వంటింట్లో యే ఇల్లాలికైనా యిది తెలుసు. అదే ఇల్లాలికి కాగితం మీద రాసిస్తే చెమట పడుతుంది.

నవ్వులపాలయితే ఫరవాలేదు. ఒక్కొక్కచోట ప్రాణం మీదికి వస్తుంది. పసిపిల్లలకు జ్వరానికి ఇచ్చే పారాసిటమాల్ సిరపు సంగతి చూడండి. 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాముల మందు వున్న సీసా వున్నది. అదే 5 మిల్లీలీటర్లకు 250 మిల్లీగ్రాములున్న సీసా కూడా వున్నది. రంగూ రుచీ ఒక్కలాగే వుండవచ్చు. "కిందటిసారి ఒక చెంచాడు పోశాం గదా" అని రెండవ సీసాలోంచి అంతే పోస్తే, బిడ్డ కడుపులోకి మందు రెట్టింపు కన్నా ఎక్కువే పోయినట్టు. చెంచా మారలేదు, "చొప్పున" మారింది. సీసా మీద చిన్న అక్షరాల్లో వుండే ఆ "5 మి.లీ.కు ఇన్ని మి.గ్రా." అన్నదే అసలు లెక్క. డాక్టరు చీటీతో దాన్ని సరిచూసుకోకుండా మూత తీయవద్దని మా ఇంట్లో అందరికీ చెప్పాను.

సరే, ట్యాంకు దగ్గరికి వద్దాం. అమ్మాయి గ్రాఫు కాగితం తెచ్చింది. అడ్డంగా నిమిషాలు, నిలువుగా లీటర్లు. సున్నా నిమిషం దగ్గర 200. 25 దగ్గర 450. 80 దగ్గర 1,000. మూడు చుక్కలూ ఒకే గీతలో కూర్చున్నాయి. ఖాళీ ట్యాంకుతో మొదలు పెడితే ఎలా వుంటుందో అనే గీత కూడా దాని కిందనే గీసింది. రెండూ రైలు పట్టాల్లా ఎడంగా, ఒకదాని వెంట ఒకటి పోతున్నాయి. ఎందుకంటే రెండింటి వాలూ ఒకటే, నిమిషానికి 10 లీటర్లు. ఒకటి సున్నా నుంచి బయలుదేరింది, రెండవది 200 మెట్టు మీద నిలబడి బయలుదేరింది. ఖాళీ ట్యాంకు గీతది అనుపాతం. పైదానిది వాలు మాత్రమే.

"వాలు కనుక్కోవాలంటే గీత మీద యే రెండు చుక్కలైనా తీసుకోవచ్చమ్మా. నిలువుగా ఎంత పెరిగిందో దాన్ని అడ్డంగా ఎంత జరిగిందో దానితో భాగించాలి. ఎక్కడ తీసుకున్నా అదే వస్తుంది" అన్నది మా అమ్మాయి. ఈసారి పాఠం చెప్పింది అది. నేను విద్యార్థిని.

నిలువుగా ఎంత, అడ్డంగా ఎంత. ఒక్కసారి నాకు మెట్లు గుర్తుకు వచ్చినాయి. ఒకటికి పన్నెండు! నిలువు ఒకటి, అడ్డం పన్నెండు. రాత్రి పదిన్నరకు ఇద్దరం టేపు తీసుకుని వరండాలోకి పరుగెత్తాం. అత్తయ్య నిద్ర లేచి, "దొంగలా?" అన్నారు.

నేల నుంచి వరండా గచ్చు దాకా 18 అంగుళాలు. అంగుళం ఎత్తుకు 12 అంగుళాల పొడుగు, అంటే ఒక అడుగు. 18 అంగుళాలకు 18 అడుగులు. త్రైరాశికానికి యింతకన్నా సుళువైన లెక్క దొరకదు. మేస్త్రీ చెప్పింది 6 అడుగులు! కేంద్ర ప్రభుత్వం వికలాంగుల సౌకర్యాల కోసం 2016లో వెలువరించిన మార్గదర్శకాల్లోనూ ర్యాంపు వాలు పన్నెండుకు ఒకటి మించకూడదనే వుందని మావారు మర్నాడు వెతికి చూపించారు.

పన్నెండుకు ఒకటి అంటే మరీ చాదస్తమేమోనని మీకు అనిపించవచ్చు. నీలగిరి కొండ రైలు వున్నది గదా, మేట్టుపాళయం నుంచి ఊటీకి పోయేది. కల్లారు దాటాక కూనూరు దాకా దాని వాలు సుమారు పన్నెండుకు ఒకటే. మామూలు పట్టాల మీద చక్రాలు జారిపోతాయని, అక్కడ పట్టాల నడుమ పళ్ళ కమ్మీ వేశారు. ఇంజను పళ్ళచక్రం దాన్ని కరుచుకుంటూ ఎక్కుతుంది. కూనూరు దాకా 1899లో, ఊటీ దాకా 1908లో ఆ రైలు నడిచింది. యినప ఇంజనుకు పళ్ళు కావలసిన వాలు మీద మేము అత్తయ్యను తోయాలి. దానికి మూడింతల వాలు మీద తోయించబోయాడు మేస్త్రీ!

అత్తయ్యా కుర్చీ కలిసి 72 కిలోలు. పన్నెండుకు ఒకటి వాలు మీద తోసేవాళ్ళ చేతుల మీద పడే భారం సుమారు 6 కిలోలు. నాలుగుకు ఒకటి వాలు మీద 17, 18 కిలోలు. పగటిపూట ఇంట్లో వుండేది బడి నుంచి వచ్చిన అమ్మాయి గాని, కాలేజీ నుంచి వచ్చిన నేను గాని. ఎక్కించేటప్పుడు ఆ బరువు తోయాలి, దించేటప్పుడు ఆపాలి. చెయ్యి జారితే కుర్చీ నేరుగా గేటుకు కొట్టుకుంటుంది. విరిగిన తుంటి మళ్ళీ విరిగితే... ఆ లెక్క మేం చేయలేదు.

మర్నాడు మేస్త్రీ వచ్చాడు. "ఒకటికి పన్నెండు వాలు కావాలి" అన్నాను హుందాగా. ఆయన నా వైపు జాలిగా చూశాడు. "అవన్నీ కాగితాల మీద లెక్కలమ్మగారూ! మాకు చేత్తో తెలిసిపోద్ది" అన్నాడు. నేను మరేదో చెప్పబోయేలోగా మా అమ్మాయి అడ్డం వచ్చింది. "మేస్త్రీగారూ, బాత్రూములో నీళ్ళు పోవడానికి వాలు ఎంత ఇస్తారు?"

"వాటమా? అడుక్కి పావంగుళం ఇస్తాం పాపా."

"మరి మీరు చెప్పిన ర్యాంపు వాటం ఎంత? ఆరడుగుల్లో 18 అంగుళాలు ఎక్కుతుంది కదా."

ఆయన వేళ్ళ మీద ఒక క్షణం లెక్క పెట్టుకున్నాడు. మొహం మారింది. "అడుక్కి మూడంగుళాలా! అది ర్యాంపు కాదు, జారుడుబండ అవుద్ది. మామ్మగారిని దాని మీద తొయ్యకూడదమ్మా!" అన్నాడు, నేనేదో తొయ్యమన్నట్లు.

వాలు అంటే కాగితం. వాటం అంటే చెయ్యి. ఒకే వస్తువుకు రెండు పేర్లున్నాయని తెలియక ఇద్దరం చెరొక ఒడ్డున నిలబడ్డాం. "అడుక్కి అంగుళం చొప్పున" అన్నాక ఆయనకు నేను మరొక్క మాట చెప్పవలసిన అవసరం రాలేదు.

అసలు చిక్కు తరువాత వచ్చింది. ప్రహరీ నుంచి వరండాకు వున్నది 14 అడుగులే. 18 అడుగుల ర్యాంపు తిన్నగా కడితే వీధిలోకి పోతుంది. అమ్మాయి గ్రాఫు కాగితం మీద ఇంటి ముందు జాగా అంతా గీసి, దాన్ని తిప్పింది. గేటు పక్కనుంచి ప్రహరీ వెంట 9 అడుగులు. అక్కడికి 9 అంగుళాలు ఎక్కుతుంది. మూలలో 5 అడుగుల చదరం, మట్టసంగా. అక్కడ కుర్చీ మళ్ళి, వరండా వైపు మిగిలిన 9 అడుగులు, మిగిలిన 9 అంగుళాలు. చదరం అయిదూ, రెండవ ముక్క తొమ్మిదీ కలిపితే సరిగ్గా 14! కొండల మీద ఘాట్ రోడ్లు మెలికలు తిరిగేది ఎందుకో నాకు ఆ కాగితం చూశాక తెలిసింది. ఎత్తు తగ్గించలేం, పొడుగును మడతపెట్టాలి.

"ఆరడుగుల దానికి మూడింతలు పొడుగు కాబట్టి సామాను మూడింతలు" అన్నాడు మేస్త్రీ. త్రైరాశికమే! ఆయనకూ నా బోటి పొరపాటే జరిగింది. వాలు ముక్కల మట్టుకు ఆ మాట నిజం. నాలుగడుగుల వెడల్పున ఆరడుగుల ర్యాంపు 18 ఘనపుటడుగులైతే, 18 అడుగులది 54. కాని మూల చదరం వున్నది చూశారూ, అది పొడుగుతో పెరిగేది కాదు. ఆటో ఎక్కగానే ఇచ్చే 30 రూపాయల్లాంటిది. 5 అడుగుల చదరం, 9 అంగుళాల ఎత్తు. అది పద్దెనిమిది ముప్పావు. అన్నీ కలిపి దాదాపు 73. మూడింతలు కాదు, నాలుగింతలు. ఈ సంగతి పని మధ్యలో ఇసుక అయిపోయాక తెలిస్తే మా యింట్లో మరొక లెక్క తయారయ్యేది.

ఆ మూలలో నందివర్ధనం చెట్టు వున్నది. అత్తయ్య ఈ ఇంటికి వచ్చిన యేడు నాటినది. చదరం అక్కడే రావాలి, మరొకచోట కుదరదు. నాకు చెప్పడానికి నోరు రాలేదు. అమ్మాయి కాగితం తీసుకెళ్ళి నాయనమ్మ ఒళ్ళో పరిచి అంతా చెప్పింది. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. చదరాన్ని యిటు జరిపితే, అటు జరిపితే అని నాలుగు ప్రశ్నలు వేశారు. యిటు జరిపితే మొదటి ముక్క 6 అడుగులే అవుతుంది, అప్పుడు అడుక్కి అంగుళంన్నర అని అమ్మాయి చెప్పింది. ఆఖరికి, "నందివర్ధనం కొమ్మ గుచ్చినా బతుకుతుంది. ముందు నాలుగు కొమ్మలు కోసి డబ్బాల్లో పెట్టండి, ఆ తరువాత కొట్టించండి" అన్నారు. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

పని ఆరు రోజులు పట్టింది. మేస్త్రీ వరండా అంచు నుంచి పురికొస లాగి కట్టాడు. అంతటితో తృప్తి పడలేదు. తన రెండడుగుల రసమట్టం తీసి, దాని కింది కొస అడుగున రెండంగుళాల చెక్కముక్క పెట్టి, వాలు మీద అక్కడొకచోట, ఇక్కడొకచోట ఆనించి చూశాడు. ఎక్కడ పెట్టినా బుడగ నడుమనే నిలిచింది. యే రెండు చుక్కలు తీసుకున్నా వాలు ఒకటేనని మా అమ్మాయి చెప్పిన పాఠాన్ని ఆయన చెక్కముక్కతో చెప్పాడు. అది ఆయన పక్కనే గొంతుకు కూర్చుని, "ఇంకోచోట పెట్టండి, ఇంకోచోట పెట్టండి" అని విసిగించింది. ఆయన విసుక్కోకుండా పెట్టాడు. రెండు పక్కలా పట్టుకోవడానికి కమ్మీలు బిగించి, గచ్చు జారకుండా అడ్డంగా గీతలు గీసి వెళ్ళాడు.

సిమెంటు ఆరడానికి నీళ్ళు కట్టి, వారం రోజులు ఆగి, ఒక ఆదివారం పొద్దున్న అత్తయ్యను దించాం. కుర్చీ వెనక అమ్మాయి, పక్కన నేను. మావారు కింద రెండు చేతులూ చాచి గోల్‌కీపరులా నిలబడ్డారు, అవసరం రాలేదు. మూల చదరం దగ్గర ఆగమన్నారు అత్తయ్య. చెట్టు వున్నచోటు ఒకసారి చూసుకున్నారు. గోడవార వరుసగా పెట్టిన డబ్బాల్లో రెండు కొమ్మలు చిగురు వేసినాయి, రెండు ఎండిపోయినాయి. "ఊఁ, పద" అన్నారు.

గేటు తీసేసరికి కూరగాయల బండి మా ఇంటి ముందే వున్నది. బండివాడు ఆవిడను చూసి కొయ్యబారిపోయాడు. "మామ్మగారూ! ఎన్నాళ్ళకు!" అన్నాడు. ఆవిడ ఆ పలకరింపు వినిపించుకున్నట్లు లేదు. కుర్చీలోంచే చెయ్యి చాచి ఒక వంకాయ తీసుకుని, తొడిమ తిప్పి, వెలుగుకు పెట్టి చూశారు.

"కిలో ఎంత?"

"నలభై మామ్మగారూ."

"ముప్పావు కిలో తుయ్యి."

వాడు తూచాడు. "ముప్పై అయిదు ఇప్పించండి" అన్నాడు.

"ముప్పై" అన్నారు అత్తయ్య, సంచీ ముందుకు చాస్తూ.